37 ఇంటూ 9

రష్యాలో స్తానిస్లావ్‌స్కీ అని ఒక పెద్దాయన ఉండేవాడు. నటనలో గురువులకే గురువు. కండరాలు బిగుసుకుని ఉంటే మనసు పనిచేయదు, మనసు పనిచేయకపోతే నటన రాదు అన్నది ఆయన మాట. తన పుస్తకంలో శిష్యుడి చేత పియానో ఓ మూల పట్టి లేపించి, ఆ బరువు మోస్తూనే 37 ఇంటూ 9 ఎంతో చెప్పమంటాడు. పాపం, వాడు చెప్పలేడు.

నల్లగొండ రామగిరిలో పియానో ఎక్కడ దొరుకుతుంది? అందుకని మా బామ్మర్ది మా బీరువాకు ఎసరు పెట్టాడు.

హైదరాబాద్‌లో ఏదో యాక్టింగ్ వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి వాడికి ఇదే పిచ్చి. ఫ్రాన్సులో జాక్ లెకాక్ అని మరో గురువు. మొదట్లో వ్యాయామం టీచర్. 1956లో పారిస్‌లో నటన బడి పెట్టి, మనిషి ఒంట్లో ఉండే టెన్షన్‌ను ఏడు మెట్లుగా నేర్పేవాడు. అట్టడుగు మెట్టులో ఒంట్లో ఎముక లేనట్టు పడి ఉండాలి. మావాడు దాన్ని మే నెల మధ్యాహ్నం వాకిట్లో ప్రాక్టీసు చేస్తే, పక్కింటి పెద్దమ్మ వడదెబ్బ అనుకుని ముఖాన చెంబెడు నీళ్లు కొట్టి, నోట్లో ఉల్లిగడ్డ రసం పోసింది. రెండోది, ఏ చింతా లేకుండా తీరిగ్గా ఒళ్లు వదిలేయడం. దానికి ప్రాక్టీసు అక్కర్లేదు, డిగ్రీ అయినప్పటి నుంచి అందులోనే ఉన్నాడు. మూడోది కష్టం. పనికి ఎంత బలం కావాలో అంతే వాడాలి, ముఖంలో ఏదీ కనపడకూడదు. ఆ ముఖంతో అన్నానికి కూర్చుంటే మా అత్తమ్మ "కూర మంచిగలేదా బిడ్డా?" అని అడిగి అడిగి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆరో మెట్టులో ఆవేశం ఒళ్లంతా పొంగాలట. నాకైతే చిందు భాగోతం ఆడేవాళ్లు గుర్తొస్తారు. గజ్జె కట్టిన క్షణమే ఆ మెట్టెక్కితే మళ్లీ తెల్లవారాకే దిగడం. వాళ్లకు ఎవరు పెట్టారు వర్క్‌షాప్?

ఆ పొద్దున మా ఆవిడ, అత్తమ్మ ప్రకాశం బజారుకు పోయారు. నేను బయట బండి తుడుస్తున్నాను. లోపల్నుంచి "ముప్పై ఏడు ఇంటూ తొమ్మిది... ముప్పై ఏడు ఇంటూ..." అని మూలుగు. పోయి చూస్తే, వాడు బీరువా ఓ మూల పట్టి లేపాడు. మెడ నరాలు తేలి ఉన్నాయి. పైన ఎండాకాలం పెట్టిన మామిడికాయ తొక్కు జాడీ. పిల్లలకు అందకుండా అక్కడ దాచింది అత్తమ్మ. అది మెల్లగా అంచుకు జరుగుతోంది.

"దించురా!"

"లెక్క రాలే బావా!"

సరిగ్గా అప్పుడే ఆడవాళ్లిద్దరూ వచ్చారు. బీరువాను కౌగిలించుకున్న తమ్ముణ్ని చూసి మా ఆవిడ తిన్నగా ఐదో మెట్టెక్కింది, గదిలో బాంబు ఉందేమో అన్నట్టు. అత్తమ్మ మధ్యలో ఏ మెట్టూ తొక్కకుండా ఆరుకు ఎగిరింది: "ఓరి నీ పాడుగాను, నా తొక్కు!"

ఆ కేకకు జాడీ దూకేసింది. వాడి నెత్తి నుంచి నడుం దాకా నూనె, కారం, ఎల్లిగడ్డలు, ముక్కలు. కారం కంట్లో పడ్డా చేతులు తీయలేడు, తీస్తే బీరువా కాలి మీద. ఏ గురువూ చెప్పకుండానే ఏడో మెట్టు వచ్చేసింది. నిలువునా రాయి.

కేకలకు పక్కింటాయన కూడా పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం కలిసి బీరువా దించాం. అది నేల తాకగానే వాడి భుజాలు జారాయి, మెడ వదులైంది. మూసిన కళ్లతోనే ముఖం వెలిగింది.

"మూడు వందల ముప్పై మూడు!"

స్తానిస్లావ్‌స్కీ మాట అక్షరాలా రుజువైంది. చప్పట్లు కొట్టబోయి, మా ఆవిడ వైపు చూసి ఆగాను. అత్తమ్మ పెంకులేరుతూ తల కూడా ఎత్తలేదు.

"మూడు వందలకు ఎవడిస్తడ్రా జాడీ? ఐదు వందలు పెట్టి కొన్న."