మృగశిర నాడు చేపను చూసొచ్చినవాడు

మృగశిర కార్తె మొదలైన రోజు ఓరుగల్లులో చేపల వాసన రాని ఇల్లుంటే, ఆ ఇంట్లో ఎవరికో పథ్యమన్నా ఉండాలి, లేదా ధర విని అలిగి వెనక్కొచ్చిన పెద్దమనిషన్నా ఉండాలి. సరిగ్గా అదే రోజు, జూన్ 8న, మా బామ్మర్ది చేపల కోసం ఫిలిప్పీన్స్‌లో ఉన్నాడు. తినడానికి కాదు, పట్టడానికీ కాదు. చూడటానికి! ఇది ఒక్క ఇంటి సమస్య కాదని, సమాజం ఇప్పుడే మేల్కోవాలని భావించి రాస్తున్నాను.

ఆ చోటి పేరు టుబ్బటాహా. సులు సముద్రం నడుమ పగడపు దిబ్బలు. ప్యుర్టో ప్రిన్సెసా రేవులో సాయంత్రం పడవెక్కితే తెల్లారేసరికి చేరుతుంది. ఊరు లేదు, హోటల్ లేదు, కాపలా కాసే రేంజర్లు తప్ప నరమానవుడు ఉండడు, తిండీ నిద్రా పడవలోనే. అదీ మార్చి నడుమ నుంచి జూన్ నడుమ దాకే, తర్వాత సముద్రం ఒప్పుకోదు. యునెస్కో గుర్తింపు 1993లోనే వచ్చింది (మన రామప్ప 2021 దాకా ఆగింది, ఆ కడుపుమంట వేరే). అసలు దారుణం ఇంకోటుంది. అక్కడ చేపలు పట్టడం నేరం. లోకంలో ఇన్ని నీళ్లుండగా, మృగశిర నాడు గాలం వేస్తే కేసయ్యే నీళ్లను వెతుక్కొని మరీ లక్షలు కట్టి పోయాడు.

ఇట్లాంటి ట్రిప్పులకు కొత్తవాళ్లు పనికిరారు, వీపుకు గాలి సిలిండర్ కట్టుకొని నీళ్లలో మునిగే స్కూబా డైవులు 50 చేసినట్టు, లెక్క రాసుకున్న లాగ్‌బుక్ చూపించమంటారట చాలాచోట్ల. నడుముకు బెండు కట్టి నన్ను బావిలోకి తోసిన మా చిన్నాయన ఏ పుస్తకమూ అడగలేదు.

వచ్చాక వీడియో పెట్టాడు, ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. ప్రవాహంలో కొట్టుకుపోకుండా చచ్చిన పగడపు రాయికి ఒక కొక్కెం తగిలించి, దాని తాడు పట్టుకొని, తీగ మీద ఆరేసిన లుంగీలాగా వేలాడుతున్నాడు మా వాడు. బూడిదరంగు సొర ఒకటి వచ్చింది, ఓసారి చూసింది, పెళ్ళిచూపుల్లో బిస్కెట్ కూడా ముట్టకుండా లేచిపోయే వాళ్లలాగా పోయింది. అంతే. పైకొచ్చేటప్పుడు ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టకుండా 5 మీటర్ల లోతులో 3 నిమిషాలు ఆగాలట, చివరి డైవ్ అయ్యాక దాదాపు ఒక రోజు విమానం ఎక్కొద్దట. "బాలింతకన్నా ఎక్కువైంది పథ్యం" అంది మా అత్తమ్మ. ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగింది: "గంత దూరం పోయి ఒక్కటన్న పట్టుకరాకపోతివి కొడుకా?"

వచ్చే ఏడాది కోస్టారికా దగ్గర కోకోస్ దీవికట. తీరం నుంచి దాదాపు 550 కిలోమీటర్లు, పడవలో 36 గంటల దాకా ప్రయాణం, సుత్తితల సొరల గుంపులు. ఇల్లు కట్టుకోమంటే మాత్రం బడ్జెట్ లేదంటాడు.

నిన్న ముగ్గురం చేపల మార్కెట్‌కు పోయాం. టబ్బులో కొర్రమీను. మన రాష్ట్ర చేప, మొప్పలున్నా పైకొచ్చి గాలి మింగకపోతే బతకదు. వీడు టబ్బు ముందు గొంతుక్కూర్చొని, అది పైకొచ్చి నోరు తెరిచి మళ్లీ మునిగిన ప్రతిసారీ ఫోన్లో తీస్తూ, ఊపిరి గురించి నాకు పాఠం మొదలుపెట్టాడు.

"చూసుడు సాలు గని," అంది అత్తమ్మ సంచి విప్పుతూ, "కొట్టియ్యమని చెప్పు."