సముద్రంలో మాడుగుల హల్వా

వేసవి సెలవుల్లో పిల్లల్ని ఫోన్ల నుంచి విడదీద్దామని నిధి వేట పెట్టాను. నిధి, అరకిలో మాడుగుల హల్వా. దాచింది మా గేటు పక్కన మందార కుండీ వెనక. వేట మొదలయ్యేది ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ దగ్గర. దారి చూపడానికి చేతి జీపీఎస్ ఒకటి, ఫిషింగ్ హార్బర్లో బోటున్న స్నేహితుణ్ణి అడిగి తెచ్చాను.

ఫలానా దిక్కున ఇంత దూరం అని చెబితే చాలు, అది అక్కడ జెండా పాతేస్తుంది. ముందురోజు రాత్రి ఇంట్లో మ్యాపు మీద కొలుచుకున్నాను. 110 డిగ్రీలు, 400 మీటర్లు. సబ్‌మెరైన్ ముందు నిలబడి 110, 0.4 కొట్టాను. జెండా పడింది. దాని చుట్టూ అంతా నీలమే.

"మావయ్యా, హల్వా సముద్రంలో ఉంది," అన్నాడు మేనల్లుడు.

"సబ్‌మెరైన్ ఉందిగా, వెళ్లి తెచ్చుకుందాం," అంది మా అమ్మాయి.

"అది 2001లోనే రిటైరైపోయిందే!"

నేను కొలిచింది ఇంటి నుంచి సబ్‌మెరైన్‌కి. ఇటు నుంచి వెళ్లాలంటే 180 కలపాలి. 290 కొట్టాను. పిల్లలు పరుగు, వెనక నేను. మా గేటు వచ్చింది, వెళ్లిపోయింది. నిర్వాహకుణ్ణి, నోరు విప్పకూడదు కదా! మేడ మీంచి మా ఆవిడ, "ఎక్కడికెళ్లిపోతన్నారు?" అని కేకేసింది. చివరికి జెండా ఎవరిదో పెళ్లి షామియానా దగ్గర తేలింది. వాళ్లెవరో గానీ మంచివాళ్లు, పిల్లలకి తలో కాజా పెట్టారు.

అక్కడ కళ్లజోడు పెట్టుకుని చూస్తే, దూరం కిలోమీటర్లలో లేదు, నాటికల్ మైళ్లలో ఉంది. బోటు వాళ్లకి అదే లెక్క మరి. మైలు 1,852 మీటర్లు కాబట్టి నా 0.4 కాస్తా 740 మీటర్లయింది.

సెట్టింగ్ మార్చి, మళ్లీ సబ్‌మెరైన్ దగ్గర మొదలుపెట్టాం. ఈసారి పక్కింటి గేటు. 400 మీటర్లకి ఒక్క డిగ్రీ తేడా వస్తే ఏడు మీటర్లు పక్కకి పోతుంది, నేనేమో డిగ్రీలు ఉజ్జాయింపుగా కొలిచాను. పిల్లలు వాళ్ల కుండీలన్నీ కదిపేస్తుంటే గోడ మీంచి మా ఇంట్లోకి చూశాను.

వరండాలో మావగారు. షుగరని మేం దాచే స్వీట్లు వెతకడం ఆయనకి నిత్యకృత్యం. ఒళ్లో ఖాళీ డబ్బా. వేలికంటిన నెయ్యి నాకుతూ అన్నారు:

"జీడిపప్పు తక్కువేశాడు, అల్లుడుగారూ."