వానాకాలంలో గండిపేటను ఖాళీగా ఉంచాలి

2025 సెప్టెంబర్ మొదట్లో గండిపేటలో ఒక శంకుస్థాపన జరిగింది. ఆ పథకం కింద మల్లన్నసాగర్ జలాశయం నుంచి గోదావరి నీళ్లు తెచ్చి హైదరాబాద్ జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్ (గండిపేట అన్నా ఇదే), హిమాయత్‌సాగర్‌లను నింపుతారు. అక్కడి నుంచి మూసీలోకి వదిలి నదిని ఏడాది పొడవునా పారిస్తారు. అదే నెల చివర్లో ఎగువన కుండపోత కురిసింది, జంట జలాశయాల గేట్లు ఎత్తారు, మూసీ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చేసింది. రాత్రిపూట ప్రయాణికులు నీళ్ల మధ్య చిక్కుకుపోయారు. చాదర్‌ఘాట్ చిన్న వంతెన, మూసారాంబాగ్ వంతెన మునిగాయి. ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించినవాళ్లు ప్రభుత్వంలో ఎవరైనా ఉన్నారా అన్నదే నన్ను వేధిస్తున్న ప్రశ్న.

నేను అడిగేది ఒక్కటే. జూన్ నుంచి అక్టోబర్ మధ్య దాకా ఈ రెండు జలాశయాలనూ పూర్తి మట్టం కంటే బాగా కిందే ఉంచాలి. ఎన్ని అడుగులన్నది ఇంజినీర్లు లెక్కగట్టాలి. ఆ అంకెను ప్రభుత్వం జీవోగా ఇచ్చి అందరికీ కనిపించేలా పెట్టాలి.

వీటిని కట్టిందే వరద కోసం. 1908 సెప్టెంబర్ 28 వరద కథ మనందరికీ తెలిసిందే. పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ ఆ కథలో చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది. ఆ రోజు నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు. ఎగువన మూసీ పరీవాహకంలో రెండు వందలకు పైగా చెరువులకు గండి పడింది. ఒక చెరువు తెగి కిందిదాని మీద పడితే అదీ తెగింది. అలా గొలుసుకట్టంతా కలిసి ఒకేసారి ఊరి మీదికి వచ్చింది. మరుసటి ఏడాది నిజాం పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కలు వేసి, ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలని, తర్వాత నెమ్మదిగా వదలాలని సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. తాగునీరు ఆ కట్టడాలకు రెండో పని. ఆ రెండో పని అవి ఎంత బాగా చేశాయంటే, మొదటి పనిని మనం మర్చిపోయాం. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని పెద్దలు అనేది ఆ రోజుల్లోనే. పంపు అవసరం లేకుండా, వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరిన నీళ్లవి.

ఇప్పుడు నగరం తాగేది ఎక్కువగా కృష్ణా, గోదావరి నీళ్లు. నాగార్జునసాగర్ నుంచీ ఎల్లంపల్లి నుంచీ పంపుల మీద వస్తున్నాయి. జంట జలాశయాల వాటా చిన్నది. ఈ జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టిన జీవో 111ను 2022లో సడలించినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణం కూడా ఇదే: నగరం వీటి మీద ఆధారపడటం లేదు కాబట్టి ఆంక్షలు ఎందుకు? ఇదే నిజాన్ని పట్టుకుని నేను సరిగ్గా ఎదురు దిక్కుకు వెళ్తాను. తాగడానికి అవసరం లేదన్నాక ప్రతి చుక్కా పట్టి దాచాల్సిన పనీ లేదు. నూరేళ్ల తర్వాత మొదటిసారి ఈ జలాశయాలను వాటి అసలు పనికి పూర్తిగా వాడుకునే వీలు దొరికింది. ఇంత మంచి అవకాశం దేశంలో ఏ పెద్ద నగరానికీ ఊరికే రాదు. దాన్ని చేతులారా పారేసుకుంటున్నాం.

లెక్క చాలా తేలిక. పూర్తి మట్టానికి నిండితే, అంటే ఉస్మాన్‌సాగర్‌లో సముద్రమట్టం నుంచి 1790 అడుగుల దగ్గర 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌లో 1763.5 అడుగుల దగ్గర దాదాపు 3 టీఎంసీలు పడతాయి. ఒక్క టీఎంసీ చోటు ఖాళీగా ఉంటే, 11,500 క్యూసెక్కుల వరదను ఇరవై నాలుగు గంటల పాటు కిందికి చుక్క వదలకుండా ఆపొచ్చు. రెండింటిలో కలిపి రెండు టీఎంసీలు ఖాళీ ఉంటే, అంబర్‌పేట నుంచి పురానాపూల్ దాకా ఒడ్డున ఉన్న బస్తీలకు ఒక రాత్రి దొరుకుతుంది. సామాన్లు సర్దుకుని, పిల్లల్నీ ముసలివాళ్లనీ తీసుకుని వెలుతుర్లో బయటికి నడవడానికి సరిపోయే సమయం అది. ఈ నగరాన్ని ముంచిన వానల తేదీలు చూడండి: 1908 సెప్టెంబర్ 28, 2020 అక్టోబర్ 13, 2025 సెప్టెంబర్ 26. 2000 ఆగస్టు వానను పక్కన పెడితే, పెద్ద దెబ్బలన్నీ సీజన్ చివర్లోనే పడ్డాయి. అంటే జలాశయాలు మూడు నెలలుగా నిండుతూ వచ్చి అంచుకు చేరి ఉండే రోజుల్లో! ఆ సమయంలో పైనుంచి ఎంత వస్తే అంత వదలడం తప్ప గేటు దగ్గరున్న ఇంజినీరుకు దారి ఉండదు. అక్కడ అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

ఈ స్థితిలో గోదావరి నీళ్లు కూడా తెచ్చి నింపుతామంటున్నారు. ఎండాకాలంలో తెచ్చుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ పథకం పెట్టిందే నది ఎప్పుడూ అందంగా పారడానికి కాబట్టి, జలాశయం ఎప్పుడూ నిండుగా ఉండాలనే ఒత్తిడి దాంతోపాటే వస్తుంది. బోటింగ్ వాళ్లు, ఒడ్డున హోటళ్ల వాళ్లు, రివర్‌ఫ్రంట్‌లో డబ్బు పెట్టేవాళ్లు సెప్టెంబర్‌లో మట్టం తగ్గిస్తామంటే ఒప్పుకుంటారా? వాళ్లు రాకముందే మట్టం జీవోలోకి ఎక్కాలి.

ఎదుటివాళ్ల మాటలో న్యాయం లేదని నేను అనను. వదిలేశాక వానలు ముఖం చాటేస్తే ఎండాకాలంలో ఏం చేస్తామని నగరానికి నీళ్లిచ్చే జలమండలి వాళ్లు అడగొచ్చు. దానికి అక్టోబర్ మధ్య తర్వాత వచ్చే నీళ్లూ, కావాలంటే ఆ గోదావరి పైపులూ ఉన్నాయి. జీవో 111 కిందున్న ఆ 84 గ్రామాల రైతుల బాధ ఇంకా బరువైంది. పక్కనే కోకాపేటలో 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటితే, ఆ జీవో గీతకు ఇవతల ఉన్న రైతు పెళ్లికో చదువుకో అరెకరం అమ్ముకోలేకపోయాడు. నగరం కోసం అతను భూమిని ఖాళీగా ఉంచాడు కాబట్టి నగరమే అతనికి ఏటా డబ్బు కట్టాలి. అంతేగానీ ఎగువన కాంక్రీటు పోసుకోమని చెప్పడం పరిష్కారం ఎలా అవుతుంది? పొలం మీద పడ్డ వాన ఇంకి, మిగిలింది వాగులు పట్టి రావడానికి గంటలు పడుతుంది. అపార్ట్‌మెంట్ల మీద పడ్డది వెంటనే డ్యామ్‌కు చేరుతుంది.

అసలు సమస్య అక్కడే ఉందని నా నమ్మకం. ఈ నగరానికి ఖాళీ జాగా కనిపిస్తే నిద్ర పట్టదు. చెరువు నిండితే మునిగే శిఖం భూమి, నాలా పక్కన వదిలిన జాగా, నది మధ్య లంక, ఆటస్థలం, ఏదైనా సరే, వాడకుండా పడి ఉందనే లెక్క. 2010 తర్వాత పదేళ్ల పాటు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తే అవసరమే రాలేదు. ఆ పదేళ్లలో మూసీ ఒడ్లకు ఏమైందో కళ్లతో చూశాం. నీళ్లు రాని చోటును నీళ్ల చోటు కాదనుకున్నాం. కట్టుకున్న పేదల్ని తర్వాత ఆక్రమణదారులన్నాం. అంతకు ముందే నది మధ్యలో బస్‌స్టేషన్ కట్టింది మాత్రం ప్రభుత్వమే. ట్యాంక్‌బండ్ సంగతీ అంతే. సాయంత్రం ఐస్‌క్రీమ్ తింటూ నడిచే వేలమందిలో, తాము నాలుగున్నర శతాబ్దాల నాటి ఆనకట్ట మీద ఉన్నామని తలచేవాళ్లు ఎంతమంది? దోమలగూడ, అశోక్‌నగర్ ఆ కట్ట కింద ఉన్నాయని 2000 ఆగస్టులో హుస్సేన్‌సాగర్ పొంగినప్పుడు గుర్తొచ్చింది, మళ్లీ మర్చిపోయాం. ఊళ్లలో చెరువుకు నీరటి ఉండేవాడు. మత్తడి ఎప్పుడు దూకుతుందో, తూము ఎంత తీయాలో అతనికి తెలుసు, కట్ట కింద ఎవరి ఇల్లు ఎక్కడుందో కూడా తెలుసు. కోటి మందికి పైగా ఉన్న నగరంలో ఆ పని ఎవరిదో చెప్పండి.

గండిపేట కట్టకు నూరేళ్లు దాటాయి, రాయి గట్టిదే, ఏమీ కాదని ధీమాగా అనేవాళ్లకు 2021 నవంబర్‌ను గుర్తు చేయాలి. కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగింది. పైన పింఛా కట్ట తెగి ఆ వరదంతా వచ్చి పడింది, అప్పటికే ఒక గేటు పనిచేయడం లేదు. 1908లో మూసీ మీద జరిగిందే మన కళ్ల ముందు మళ్లీ జరిగింది. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ముసలి డ్యామ్‌లలో ముందుగా మొరాయించేది గేట్లు, గొలుసులు, మోటార్లు. ఉస్మాన్‌సాగర్‌కు 15 గేట్లు, హిమాయత్‌సాగర్‌కు 17. మట్టం తక్కువగా ఉన్నప్పుడు ఒక గేటు కదలకపోతే బాగు చేసుకునే వ్యవధి ఉంటుంది. అంచుదాకా నిండిన రాత్రి ఉండదు.

అన్నమయ్య కట్ట తెగిన కొద్ది వారాలకే డ్యామ్‌ల భద్రతా చట్టం వచ్చింది. వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక, సమగ్ర భద్రతా పరీక్ష అందులో ఉన్నాయి. పాత డ్యామ్‌లకు ఇచ్చిన ఐదేళ్ల గడువు 2026 డిసెంబర్‌తో ముగుస్తుంది. జంట జలాశయాల ప్రణాళికను తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చు వేసి మూసానగర్, శంకర్‌నగర్ గల్లీల్లో అంటించాలి. ఎన్ని క్యూసెక్కులు వదిలితే ఏ గల్లీలోకి నీళ్లు వస్తాయో, ఎన్ని గంటలకు వస్తాయో, ఎటు నడవాలో అందులో ఉండాలి. ఏటా జూన్ 1న రెండు జలాశయాల మట్టం ఎంత ఉందో, అక్టోబర్ 15 దాకా ఎంత దాటనివ్వరో జలమండలి ప్రకటించాలి. దాటనిస్తే ఎవరు ఆదేశించారో ఆ అధికారి సంతకంతో సహా అదే రోజు బయటపెట్టాలి.