హార్ట్ ఫెయిల్యూర్ రోగి నిస్సహాయతను కొలిచేదెలా?

గుండె పంపింగ్ తగ్గిన రోగిని ఇంటికి పంపేటప్పుడు డాక్టర్లు తప్పకుండా చెప్పే జాగ్రత్తలు మూడు: ఉప్పు తగ్గించాలి, ఒంట్లో నీరు పోవడానికి ఇచ్చిన మాత్ర మానకూడదు, రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే అది కండ కాదు, నీరు. ఇంట్లో బరువు చూసే మిషన్, చప్పిడి కూర విడిగా వండిపెట్టే మనిషి, దగ్గర్లో మరుగుదొడ్డి ఉన్నాయనుకుని చెప్పే మాటలివి. నీరు పోవడానికి ఇచ్చే ఆ మాత్ర, ఫ్యూరోసెమైడ్, వేసుకున్న గంటలోపే మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. తెల్లారగానే కలుపుకు వెళ్లే కూలీ మహిళ, పొలంలో చాటు దొరకదని ఆ మాత్ర మానేస్తే, కేస్ షీట్‌లో మాత్రం 'మందులు సరిగా వాడలేదు' అన్న ముక్కే మిగులుతుంది.

ఆ ముక్క వెనకున్న బతుకును అంకెల్లోకి తేవడానికి అమెరికా పరిశోధకులు ఎక్కువగా వాడుతున్నది అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ వారి సామాజిక దుర్బలత్వ సూచీ. నిజానికి అది విపత్తులప్పుడు ఏ ప్రాంతానికి ముందుగా సాయం అవసరమో తేల్చడానికి పుట్టింది. పేదరికం, చదువు, సొంత వాహనం లేకపోవడం, కిక్కిరిసిన ఇళ్లు వంటి 16 అంశాలను జనగణన లెక్కల నుంచి తీసుకుని ప్రతి ప్రాంతానికీ 0 నుంచి 1 మధ్య స్థానం ఇస్తుంది; 1కి దగ్గరైన కొద్దీ దుర్బలత్వం ఎక్కువ. కానీ ఆ అంకె పేటది, పేషెంటుది కాదు. ఖరీదైన కాలనీలో ఒంటరిగా మిగిలిన వృద్ధురాలు దానికి కనబడదు. ఒక్కో మనిషికి ఉన్న లోట్లను విడివిడిగా లెక్కగట్టే పద్ధతిని కెనడా వృద్ధాప్య పరిశోధకులు 2008లోనే ప్రచురించారు. శ్రమ ఎక్కువే అయినా నా మొగ్గు దానివైపే.

ఈ కొలతల వెనక డబ్బు లెక్కలూ ఉన్నాయి. డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపు రోగులు ఎక్కువగా తిరిగి చేరితే, అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ 2012 నుంచి ఆసుపత్రులకు చెల్లింపుల్లో కోత పెడుతోంది. అది 3 శాతం దాకా ఉండవచ్చు. పేదలకు వైద్యం చేసే ఆసుపత్రులకే ఎక్కువ దెబ్బ తగులుతోందన్న విమర్శ తర్వాత, 2019 నుంచి పేద రోగుల నిష్పత్తిని బట్టి ఆసుపత్రులను 5 బృందాలుగా విడదీసి పోలుస్తున్నారు.

మన దేశంలో 53 ఆసుపత్రుల నుంచి 10 వేలకు పైగా హార్ట్ ఫెయిల్యూర్ రోగుల వివరాలు సేకరించిన జాతీయ రిజిస్ట్రీలో, చేరిన 90 రోజుల్లోనే 14 శాతం మంది చనిపోయారు. చదువు లేనివారిలో మరణాలు ఎక్కువ. తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదరికానికి కొలమానం రేషన్ కార్డే అయింది. ఉందా, లేదా అన్నదే దాని లెక్క. అర్హత తేల్చడానికి అది చాలు గానీ, ఇంటికెళ్లాక వండేదెవరో, మందుల షాపుకు ఎన్ని బస్సులు మారాలో అది చెప్పదు.

గుండె స్కానింగ్ (ఎకో) రిపోర్టు పక్కనే ఇలాంటి నాలుగైదు ప్రశ్నల జవాబులూ రాసిపెట్టడానికి పెద్ద సూచీ అక్కర్లేదు. పొలంలో చాటు లేదని తెలిస్తే, ఆ మాత్రను పని నుంచి వచ్చాక మధ్యాహ్నం వేసుకోమని డాక్టరు అప్పుడే చీటీలో మార్చి రాయగలరు.