ఆవిరి పడితే తగ్గే నొప్పి కాదది

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పోయిన వారం నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. హిందూపురం నుంచి మా చిన్నాన్న పంపిందీ అదే, ఆఫీసు గ్రూపులో వచ్చిందీ అదే. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "రాత్రిపూట ఒక కంటి చుట్టూ పోటు, ఆ కంట్లోంచి నీళ్ళు, ఆ పక్క ముక్కు కారడం ఉంటే అది సైనసే. బెంగళూరు చలికి వస్తుంది. పదకొండు రోజులు పసుపు, యూకలిప్టస్ నూనె వేసి ఆవిరి పట్టండి, ముక్కులో ఆవునెయ్యి చుక్కలు వేసుకోండి. తగ్గకపోతే మైగ్రేన్, చీకటి గదిలో పడుకోండి. పైపళ్ళు కూడా చూపించుకోండి. గంటలో దానంతటదే పోయే నొప్పికి స్కానింగులు డబ్బు దండగ."

మా బ్లాకు ఆంటీగారు దాన్ని గ్రూపులో పెట్టి, కింద ఒక మాట రాశారు: "మా అబ్బాయికి రెండేళ్ళుగా ఇదే బాధ, ఈసారి నెయ్యి కూడా మొదలుపెట్టాం." ఆ మాట చూశాక ఊరుకోలేకపోయాను. నేను డాక్టర్ని కాను. కానీ మా ఆయన ఇదే నొప్పికి నాలుగేళ్ళు ఆవిరి పట్టారు. ఆ నాలుగేళ్ళూ నీళ్ళు కాచి ఇచ్చింది నేనే.

ముందు సైనస్ సంగతి. ఆ మెసేజ్‌లో రాసిన లక్షణాలు తప్పు కాదు, వాటికి పెట్టిన పేరు తప్పు. ఒకే పక్క, కంటి చుట్టూనో కంటి పైనో కణతలోనో భరించలేని నొప్పి. అదే పక్క కన్ను ఎర్రబడి నీరు కారడం, ముక్కు మూసుకుపోవడం లేదా కారడం, రెప్ప వాలడం లేదా వాయడం, నుదురు చెమట పట్టడం. ఇవి కలిసి వస్తే ముందుగా అనుమానించాల్సింది క్లస్టర్ తలనొప్పి. మందు వేయకపోతే ఒక్కో నొప్పి 15 నిమిషాల నుంచి 3 గంటల దాకా ఉంటుంది. రెండు రోజులకోసారి మొదలుకొని రోజుకు ఎనిమిదిసార్ల వరకూ రావచ్చు. క్లస్టర్ అంటే గుత్తి. కొన్ని వారాలో నెలలో గుత్తిగా వచ్చిపడి, తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి కనబడకుండా పోతుంది. అందుకే ఆ పేరు.

మా ఇంట్లో అది రాత్రి 1:40కి వచ్చేది. కొంచెం అటూ ఇటూగా రోజూ అదే వేళ. నిద్రపట్టిన గంటన్నరకి లేచి కూర్చునేవారు. ఐదు నిమిషాల్లో హాల్లో గోడ నుంచి గోడకి నడక మొదలు. కుడి అరచేతిని కంటికి అదిమిపెట్టి, వంటింటి గడపకి నుదురు ఆనించి, మళ్ళీ నడక. కుడి కన్ను ఒక్కటే కారుతుండేది, ఎడమ చెంప పొడిగా ఉండేది. కుడి రెప్ప సగం వాలిపోయేది. "కంటి వెనక దబ్బనం దింపి తిప్పుతున్నట్టుంది" అనేవారు. రెండున్నరకి చటుక్కున ఆగిపోయేది. నేలమీదే, ఫ్యాను కింద, చెమటతో తడిసిన బనీనుతో నిద్రపోయేవారు.

సైనస్ ఇన్‌ఫెక్షన్ ఇలా గడియారం చూసుకుని రాదు. అందులో ముఖం బరువుగా ఉంటుంది, రోజంతా, రోజుల తరబడి సలుపుతుంది, ముక్కు నుంచి చిక్కటి పచ్చటి చీమిడి వస్తుంది, వాసన తెలియదు, జ్వరం ఉండవచ్చు. క్లస్టర్‌లో ముక్కు నీళ్ళలా కారుతుంది, నొప్పి ఆగగానే ఆగుతుంది. ముఖానికి స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నరం రేగినప్పుడు, దానితో ముడిపడిన నరాలు కంటికీ ముక్కుకీ నీరు తెప్పిస్తాయి. అంటే నొప్పి వల్ల ముక్కు కారుతోంది. ముక్కు ఎంత శుభ్రం చేసినా మూలం అక్కడ లేదు. ఇక ఆ వేళాపాళా ఎక్కడిదంటే, మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగం ఉంది. నిద్రామెలకువల గడియారం దాని ఆధీనంలోదే. క్లస్టర్ నొప్పి నడుస్తుండగా ఆ భాగం చురుగ్గా ఉంటుందని 1998లో పెట్ స్కాన్‌లలో (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్‌లు) చూశారు.

"బెంగళూరు వచ్చాక సైనస్ పట్టుకుంది" అనే మాట ఇక్కడి తెలుగువాళ్ళ నోట రోజూ వింటాం. దుమ్ముకీ, ఖాళీ సైట్లలో పెరిగే వయ్యారిభామకీ నిజంగానే ముక్కు పాడయ్యేవాళ్ళున్నారు, కాదనను. అందుకే కన్ను కారి ముక్కు కారితే ఈఎన్‌టీ దగ్గరికే పోతాం. మాకూ అదే జరిగింది. యాంటీబయాటిక్ మూడు కోర్సులయ్యాయి. ముక్కు దూలం వంకరుంది, ఆపరేషన్ చేద్దామన్నారు. దూలం కొద్దో గొప్పో వంకర చాలామందికి ఉంటుంది.

అసలు ఆవిరితో తగ్గిందని అంతమంది ఎందుకు ప్రమాణం చేస్తున్నారు? వాళ్ళు అబద్ధం ఆడటం లేదు. ఈ మెసేజ్ మొత్తంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. నొప్పి మొదటి వారంలో ఎవరూ ఏమీ చేయరు, మాత్ర వేసుకుని ఊరుకుంటారు. నాలుగో వారానికి ప్రాణం విసిగి, ఎవరేం చెప్తే అది మొదలుపెడతారు. ఆరో వారానికో ఎనిమిదో వారానికో ఆ గుత్తి దానంతటదే ముగుస్తుంది. అప్పుడు చేతిలో ఏ వైద్యం ఉంటే దానికి పేరొస్తుంది. మా ఇంట్లో ఒక ఏడు ఆవిరికి వచ్చింది, మరుసటి ఏడు మా అత్తయ్య కట్టించిన తాయెత్తుకి వచ్చింది. పారాసిటమాల్‌కైనా అంతే. అది ఒంటికి పట్టేలోపు నొప్పి వెళ్ళే వేళ అవుతుంది, మాత్ర పనిచేసిందనుకుంటాం.

రెండోది మైగ్రేన్. మన దగ్గర ఒంటి తలనొప్పి అంటాం, ఇక్కడి మెడికల్ షాపులో కన్నడంలో "అరెతలెనోవు" అంటే ఏదో ఒక మైగ్రేన్ మాత్ర చేతికొస్తుంది. మైగ్రేన్ మందు వేయకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. కదిలితే పెరుగుతుంది, వాంతి వచ్చేట్టు ఉంటుంది, మనిషి చీకట్లో కదలకుండా పడుకోవాలనుకుంటాడు. క్లస్టర్ వచ్చిన మనిషి పడుకోలేడు. చివరికి మేం వెళ్ళిన న్యూరాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న అదే: "నొప్పి వచ్చినప్పుడు పడుకుంటారా, తిరుగుతారా?" నాలుగేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. నేనైతే "కాసేపు కదలకుండా పడుకోండి" అని ఆయన భుజాలు పట్టి మంచం మీద అదిమిన రాత్రులున్నాయి. అవి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఇంకో సంగతి, క్లస్టర్ మగవాళ్ళలో ఆడవాళ్ళకంటే సుమారు మూడింతలు ఎక్కువ, సాధారణంగా 20–40 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. అలాగని ఆడవాళ్ళకి రాదని కాదు. వాళ్ళకి వచ్చినప్పుడు మైగ్రేన్ అని రాసేయడం మరీ సులువు.

పన్ను మాట ఒక్క ముక్కలో: మా ఆయన పైదవడలో గట్టి పన్ను ఒకటి పీకించుకున్నారు. ఆ రాత్రి దూది నోట్లో ఉండగానే 1:40కి లేచారు.

స్కానింగ్ దండగన్న మాటలో సగం మాత్రమే నిజం. క్లస్టర్ తలనొప్పి ఆసుపత్రిలో తీసే మామూలు స్కాన్‌లలో కనబడదు, రోగి చెప్పే వివరాన్ని బట్టే నిర్ధారిస్తారు. కానీ పిట్యూటరీ గ్రంథిలో గడ్డలాంటివి కూడా అచ్చం ఇలాంటి నొప్పి తేగలవు గనుక, అవి లేవని తేల్చుకోవడానికి డాక్టర్లు ఎంఆర్ఐ అడుగుతారు. స్కాన్ నార్మల్ వస్తే "ఏమీ లేదు, టెన్షన్" అని పంపేయడమూ తప్పే. కొన్నింటికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి పోవాలి. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో పడిపోవడం. నొప్పి పోయినా రెప్ప వాలే ఉండటం. కన్ను ఎర్రబడి చూపు మసకబారి దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడితే అది గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) కావచ్చు, చూపే పోవచ్చు. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని కూడా త్వరగా చూపించుకోవాలి.

"గంటలో పోయే నొప్పి" అన్న మాట రాసినవాళ్ళు ఆ గంట చూసి ఉండరు. రాత్రి వస్తుందని నిద్రకి భయపడే మనిషిని నేను చూశాను. ఒకసారి "ఈ కన్ను పీకేయించుకుంటే పోతుందా" అని అడిగారు. ఇంట్లో ఎవరైనా బతకలేనన్న మాట అంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పక్కనే ఉండండి, ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.

దీనికి వైద్యం ఉంది. నొప్పి మొదలవగానే సంచి ఉన్న నాన్‌రీబ్రీదర్ మాస్క్‌తో నిమిషానికి 12–15 లీటర్ల చొప్పున స్వచ్ఛమైన ఆక్సిజన్, పావుగంట పాటు. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో పావుగంటకి నొప్పి పోయినవి లేదా బాగా తగ్గినవి ఆక్సిజన్‌తో 78 శాతం, మామూలు గాలితో 20 శాతం. కోవిడ్‌లో కొన్న 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ ఇంట్లో ఉంది కదా అనుకోవద్దు, ఆ ధార చాలదు, సిలిండరే కావాలి. అది కూడా డాక్టర్ రాస్తేనే, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే ఇంకా జాగ్రత్త, దగ్గర్లో పొయ్యీ సిగరెట్టూ ఉండకూడదు. సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ ఇంకో దారి, గుండెజబ్బు ఉన్నవాళ్ళకి పనికిరాదు. నొప్పులు రాకుండా చూడటానికి వెరాపమిల్ ఇస్తారు. ఈసీజీ తీస్తూ డోసు పెంచాల్సిన మందు అది, షాపులో అడిగి వేసుకునేది కాదు. నొప్పుల సీజన్లో మద్యం ముట్టుకోకూడదు, ఒక్క పెగ్గు చాలు, చాలామందిలో గంటలోపే నొప్పిని లేపుతుంది.

ఆంటీగారూ, మీ అబ్బాయికి ఇదేనని నేను చెప్పలేను. ఇలాంటివే వేరే నొప్పులు కూడా ఉన్నాయి. ఒక రకం రెండు నిమిషాల నుంచి అరగంటే ఉండి రోజుకి చాలాసార్లు వస్తుంది, ఇండోమెథాసిన్ అనే మాత్రకే లొంగుతుంది. తేడా పట్టాల్సింది న్యూరాలజిస్టే. హోసూరు రోడ్డు నిమ్హాన్స్‌లో న్యూరాలజీ ఓపీ ఉంది. పిచ్చాసుపత్రి అని మనవాళ్ళు వెనకాడతారు, నరాల జబ్బులన్నీ చూస్తారక్కడ. వెళ్ళేముందు రెండు పనులు చేయండి. పాలప్యాకెట్ల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే నొప్పి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, ఏ కన్ను అన్నది రాయండి. మా డాక్టరుగారు మా క్యాలెండర్ రెండు పేజీలు తిప్పి చూసి, ఫైలు పక్కన పెట్టేశారు. రెండోది, ఈ రాత్రి నొప్పి వచ్చినప్పుడు అబ్బాయి ముఖాన్ని ఫోన్‌లో అర నిమిషం వీడియో తీయండి, ఓపీకి వెళ్ళే వేళకి ఆ రెప్ప మామూలుగానే ఉంటుంది. ఏ వేళైనా సరే ఫోన్ చేయండి, తోడు వస్తాను.