నరం కాదు మహాప్రభో, స్నాయువు

ఈ ఉదయం నా ఫిజియోథెరపీ బల్ల మీదికి వచ్చిన డిశ్చార్జి కాగితంలో ఒక శస్త్రచికిత్స చరిత్ర మొత్తం ఒకే వరుసలో ముగిసిపోయింది: "కుడి భుజానికి లాటర్జే చేయడమైనది, ఫిజియోథెరపీ అవసరం." లాటర్జే అంటే, మాటిమాటికీ జారే భుజాన్ని ఎముక ముక్క బిగించి నిలిపే ఆపరేషన్. కాగితానికి గుచ్చిన బిల్లు మాత్రం నాలుగు పేజీలుంది. ఎన్ని జతల గ్లౌజులు వాడారో, ఎన్ని సిరంజీలు విప్పారో నాకు ఇప్పుడు లెక్కతో సహా తెలుసు. ఆ కుర్రవాడి భుజం ముందున్న స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తెల్లని పట్టీని, పోగుల వెంట చీల్చారో, పోగులకు అడ్డంగా కోసి కుట్టారో మాత్రం తెలియదు, ఎందుకంటే దానికి విడిగా బిల్లు వేయరు.

కుర్రవాడికి ఇరవై రెండేళ్ళు, కబడ్డీలో రైడర్. మూడేళ్ళలో ఏడుసార్లు గూడ జారిందట. చివరిసారి నిద్రలో పక్కకు ఒత్తిగిలితేనే జారిపోయిందని వాళ్ళమ్మ చెప్పింది. ఆపరేషన్ జరిగి పన్నెండు రోజులైంది. నేను ఆసుపత్రికి ఫోను చేసి, భుజం ముందుండే ఆ సబ్‌స్కాపులారిస్ కండరాన్ని స్ప్లిట్ చేశారా (చీల్చారా), టెనాటమీ చేశారా (అడ్డంగా కోశారా) అని మర్యాదగానే అడిగాను. ఫోను ఎత్తిన యువ వైద్యుడు, "ఎక్స్‌రే చూడండి మేడమ్, రెండు స్క్రూలూ చక్కగా కూర్చున్నాయి" అన్నాడు. నేను స్క్రూల యోగక్షేమాలు కనుక్కోవడానికి ఫోను చేయలేదు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, లోహం కనిపిస్తుంది, స్నాయువు కనిపించదు. కనిపించనిది లేనట్టేనన్న వేదాంతం మన ఎముకల వార్డులో ఎప్పటి నుంచో స్థిరపడిపోయింది.

భుజం కీలు లోపలి అమరికను ఒక్కసారి చూసిన వారికి అది రోజూ జారకుండా నిలబడడమే వింత అనిపిస్తుంది. తుంటిలో బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో అంతకంటే స్వేచ్ఛగా తిరగవలసిన పెద్ద బంతి, లోతు లేని చిన్న పళ్ళేనికి ఆనుకొని ఉంటుంది. పళ్ళెం చుట్టూ లేబ్రమ్ అనే గట్టు ఒకటి ఉన్నా, ఆ బంతిని పళ్ళేనికి అదిమి పట్టి ఉంచే పని నాలుగు కండరాల స్నాయువులది. పైన సుప్రాస్పినేటస్, వెనుక ఇన్‌ఫ్రాస్పినేటస్, టీరిస్ మైనర్, ముందు సబ్‌స్కాపులారిస్. నాలుగు మొదటి అక్షరాలు కలిపి పరీక్షకు ముందు రాత్రి బట్టీ పట్టి, మర్నాడు మరిచిపోవడం మన విద్యా సంప్రదాయం. ఆ నాలుగింటిలో అతి పెద్దది, బలమైనది చివరిదే. రెక్క ఎముకలో పక్కటెముకల వైపు ఉన్న ముఖం మీద పుట్టి, కీలు ముందు నుంచి సాగి, భుజాస్థి మీది చిన్న బుడిపెకు అతుక్కుంటుంది. పై మూడింట రెండు వంతులు దాదాపుగా తెల్లని స్నాయువు, కింది భాగం కండగానే వెళ్ళి ఎముకను పట్టుకుంటుంది. జారే భుజాల్లో నూటికి తొంభైకి పైగా ముందుకే జారతాయి, అంటే సరిగ్గా ఈ కాపలాదారు నిలబడిన వైపుకే.

వెనుక జేబులోంచి పర్సు తీయాలన్నా, స్నానంలో వీపు రుద్దుకోవాలన్నా దీని పని ఉంటుంది. అరచేతి వెనుక భాగాన్ని నడుముకు ఆనించి, అక్కడి నుంచి చేతిని వెనక్కు ఎత్తగలరో లేదో చూసే పరీక్షను స్విట్జర్లాండుకు చెందిన క్రిస్టియన్ గెర్బర్ 1991లో ప్రకటించాడు. దానికి యంత్రం అక్కర్లేదు, స్కానింగు అక్కర్లేదు, అర నిమిషం ఓపిక చాలు. బహుశా దాని లోపం కూడా అదేనేమో.

లాటర్జేలో శస్త్రవైద్యుడు ఈ కండరాన్ని దాటకుండా కీలును చేరలేడు. దాటడానికి రెండు దారులున్నాయి. గాలికి ఈనెల వెంట చీలిన అరటాకు చెట్టున పచ్చగానే ఉంటుంది; అదే ఆకును ఈనెలకు అడ్డంగా కోస్తే కోసిన చోటు నుంచి అంచు దాకా వాడిపోతుంది. స్ప్లిట్ అంటే పోగుల వెంట చీల్చడం, టెనాటమీ అంటే పోగులకు అడ్డంగా కోసి, పని అయ్యాక మళ్ళీ కుట్టడం. అడ్డంగా కోసిన వారిలో ఆ కండరం బలహీనపడి కొవ్వు పట్టే ప్రమాదం ఎక్కువ. చీల్చిన భుజానికి తొందరగానే పని చెప్పవచ్చు. కోసి కుట్టిన భుజాన్ని మొదటి ఆరు వారాలు బయటి వైపుకు తిప్పడంలో హద్దు దాటనివ్వకూడదు, లోపలి వైపుకు బలం పెట్టనివ్వకూడదు. నేనడిగిన ప్రశ్నకు అర్థం ఇంతే. దీనికి జవాబుగా నాకు స్క్రూలు చూపించారు.

ఇంతలో పక్కన కూర్చున్న ఆ తల్లి, "నరం కోశారా అమ్మా, చెయ్యి పడిపోతుందా?" అని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆమెది తప్పు కాదు. మనకు ఒంట్లో పొడవుగా, సన్నగా ఉన్నదల్లా నరమే. రక్తం తీసేదీ నరమే, కాలు బెణికితే పట్టేసేదీ నరమే, కోపం వస్తే ఉబికేదీ నరమే. బడి పుస్తకంలో కండరాన్ని ఎముకతో కలిపేది స్నాయుబంధనమనీ, ఎముకను ఎముకతో కలిపేది సంధిబంధనమనీ చక్కగా రాసి ఉంటుంది. అది చదివి వైద్యులైన వారే వార్డులోకి వచ్చి రోగితో "నరం బిగించాం" అంటారు. ఆదివారం పాయాలో కాలెముకను అంటిపెట్టుకొని తెల్లగా, జిగురుగా పంటికి సాగేది ఏమిటో ఆమెకు తెలుసు. అదే ఇదమ్మా అని చెబితే రెండు నిమిషాల్లో అర్థం చేసుకుని కళ్ళు తుడుచుకుంది. పైగా ఈ ఆపరేషన్‌లో అసలైన నరాలు రెండు అక్కడే పొంచి ఉంటాయి: ఒకటి సబ్‌స్కాపులారిస్ కింది అంచున దూరి వెనక్కు పోతుంది, రెండోది రెక్క ఎముక నుంచి ముందుకు పొడుచుకొచ్చిన కాకిముక్కు ఎముకకు కొద్ది సెంటీమీటర్ల దిగువన కండలోకి చొచ్చుకుపోతుంది. వాటికి నిజంగా దెబ్బ తగిలిన రోజున ఈ పెద్దమనుషులు ఏ మాట వాడతారో చూడాలని ఉంది.

స్నాయువును లెక్కచేయకపోవడం ఇవాళ మొదలైంది కాదు, మా ఇంట్లోనే దానికి సాక్ష్యం ఉంది. మా బాబాయికి యువకుడిగా ఉన్నప్పుడు గూడ జారితే పుట్టి-ప్లాట్ ఆపరేషన్ చేశారు. ఇటలీలోని బొలోన్యాలో విట్టోరియో పుట్టి, మాంచెస్టర్‌లో హ్యారీ ప్లాట్ విడివిడిగా చేసిన పద్ధతి అది. 1948లో ఆస్మండ్ క్లార్క్ రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. సూత్రం చాలా సులువు: సబ్‌స్కాపులారిస్‌ను కోసి, కోటు బొత్తాల పట్టీలా ఒకదాని మీద ఒకటి మడిచి, పొట్టిగా కుట్టేయడం. చేయి బయటికి తిరిగితేనే కదా జారేది, తిరగకుండా కట్టేస్తే సరిపోయె! బాబాయి భుజం ఆ తర్వాత ఒక్కసారి కూడా జారలేదు, కాబట్టి ఆసుపత్రి లెక్కలో ఆయన విజయమే. పెళ్ళి పంక్తిలో సాంబారు వడ్డించేటప్పుడు మాత్రం ఆయన కుడి వైపు విస్తరికి గరిటె చాచలేక, కుండతో సహా మనిషి మొత్తం తిరిగేవాడు. మేము పిల్లలం అది చూసి నవ్వేవాళ్ళం. అలా బిగించిన భుజాలు కొన్నేళ్ళకు కీలు అరిగి నొప్పులు తెచ్చుకుంటాయని తర్వాత తేలింది, మా బాబాయికి కూడా తేలింది.

ఆ వ్యాసానికి ముందే, 1923లో, లండన్‌లో బ్యాంకార్ట్ అసలు జబ్బు ముందు అంచున ఊడిన లేబ్రమ్‌లో ఉందని చెప్పాడు. కానీ పళ్ళెం ముందు అంచు ఎముకే అరిగిపోయిన వారికి ఆ గట్టును ఎంత కుట్టినా లాభం లేదని బర్కార్ట్, డి బీర్ 2000లో లెక్కలతో చూపించారు: పెద్ద ఎముక లోపం లేని వారిలో మళ్ళీ జారింది నూటికి 4 మందికి, ఉన్నవారిలో 67 మందికి. మా రైడర్ లాంటి వారి కోసమే లాటర్జే. ఫ్రాన్సులోని లియాన్‌కు చెందిన మిషెల్ లాటర్జే 1954లో చెప్పిన పద్ధతిలో, కాకిముక్కు ఎముకను దానికి వేలాడే జంట స్నాయువుతో సహా కోసి, సబ్‌స్కాపులారిస్ మధ్యగా తెచ్చి పళ్ళెం ముందు బిగిస్తారు. అందరూ దీన్ని ఎముక ఆపరేషన్ అంటారు. చేయి ఎత్తి బయటికి తిప్పినప్పుడు బంతిని ఆపేది మాత్రం ముఖ్యంగా ఎముక ముక్క కాదు, సబ్‌స్కాపులారిస్ కింది భాగం మీదుగా ఉయ్యాల తాడులా అడ్డం పడే ఆ జంట స్నాయువు. 2013లో శవ భుజాల మీద చేసిన పరీక్షలో, చేయి చివరి అంచుకు వెళ్ళినప్పుడు దొరికే పట్టులో మూడొంతులు ఈ తాడుదేనని తేలింది. ఉయ్యాల తాడు ఒత్తే ఆ కింది భాగాన్ని ఏం చేశారని అడిగితే స్క్రూలు బాగున్నాయంటారు.

ఇక నలభై దాటిన వారి సంగతి చెబితే నా రక్తపోటు పెరుగుతుంది. ఆ వయసులో గూడ జారితే తరచుగా చిరిగేది లేబ్రమ్ కాదు, ఈ స్నాయువులే. కిందటి నెలలో బాత్రూంలో జారిపడిన ఒక టీచరమ్మకు కీలు ఎక్కించి, ఎక్స్‌రే తీసి, అంతా బాగుందని పంపేశారు. ఎనిమిది వారాల తర్వాత నా దగ్గరకు వచ్చినప్పుడు ఆమె ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి పట్టుకుని జడ పిన్ను పెట్టుకుంటోంది.

మధ్యాహ్నం ఆసుపత్రికి ఒక ఉత్తరం పంపాను. జవాబు రాయడం కష్టం కాకూడదని, "చీల్చితిమి", "కోసి కుట్టితిమి" అని రెండు గళ్ళు గీసి, ఒకదాంట్లో టిక్కు పెడితే చాలునని రాశాను. సాయంత్రం ఆరున్నరకు వాట్సాప్‌లో జవాబు వచ్చింది: "స్ప్లిట్ అనుకుంటాను మేడమ్."

ఆ కుర్రవాడి ఫైలులో నేను "కోసి కుట్టారు" అనే రాసుకుని, ఆరు వారాల కార్యక్రమం మొదలుపెట్టాను.