బొలీవియాలో రొయ్యల గుంట

నెల్లూరు జిల్లా కోస్తాలో బొలీవియా వెలసిన సంగతి అధికారుల దృష్టికి ఇంకా వచ్చినట్టు లేదు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద ఇనప పైపు, దాని కొసన గుంట కెమెరా బొమ్మను వైఫైలో అవతలి డిష్షుకు పంపే తెల్ల డిష్షు కనిపిస్తే, దాని సెట్టింగుల్లో ఏ దేశపు రేడియో నియమాలు పాటించాలో చెప్పే ‘దేశం’ అనే గడి తెరిచి చూడండి. “ఇండియా పెడితే పవర్ రాదన్నా, బొలీవియా పెట్టేశా, ఇంక చూస్కో” అని భరోసా ఇచ్చి పోయి ఉంటాడు బిగించిన కుర్రాడు.

బొలీవియాకు సముద్రం లేదు. 1879లో మొదలైన యుద్ధంలో ఉన్న తీరమంతా చిలీకి పోగొట్టుకుని, ఇప్పటికీ టిటికాకా సరస్సులో నావికాదళాన్ని తిప్పుకుంటోంది పాపం. దానికి మనవాళ్లు పైసా పుచ్చుకోకుండా తీరం రాసిచ్చారు, ఉప్పునీళ్లతో, వనామీ రొయ్యతో సహా. గుంట పాసుపుస్తకం తెలుగులో, కరెంటు మీటరు ఆంధ్రాది, మేత అప్పు నెల్లూరులో. గట్టు మీద డబ్బా ఒక్కటే లాపాజ్ పౌరుడు. రేపు మేత బస్తాల దొంగను ఆ కెమెరా పట్టిస్తే, సాక్ష్యానికి స్పానిష్ దుబాసీని ఎవరు పిలిపించాలి? ఎస్సై గారా, ఆసామా?

ఇలాంటి డబ్బాల్లో చాలావాటిని లోపల నడిపేది లినక్స్ అనే సాఫ్ట్‌వేరు. ఒకప్పుడు దాని దేశాలవారీ రేడియో నియమాల జాబితాలో బొలీవియా పక్కన 30 డీబీఎం (రేడియో పవర్ కొలత, 30 అంటే ఒక వాటు) అని ఉండేది. బొలీవియా పెడితే పవర్ పెరుగుతుందన్న పుకారు ఇంకా చావలేదు. లినక్స్‌లో మనం కొట్టే దేశం కోడు ఉత్త మనవి మాత్రమే. చిప్పులో ముందే ఇంకో దేశం రాసి ఉంటే, చాలా డ్రైవర్లు (ఆ చిప్పును నడిపే ప్రోగ్రాములు) రెండు దేశాలూ ఒప్పుకున్నంతే ఇస్తాయి. ఏ దేశమూ తెలియకపోతే డబ్బా ‘00’లో, అంటే ఎక్కడైనా చెల్లే గట్టి కట్టుబాట్లలో పడి, చాలా చానెళ్లలో కొత్తల్లుడిలా ఎదుటివాడు పలకరించేదాకా నోరు విప్పదు.

ఇండియాలో పవర్ రాదట! 2018 అక్టోబరు నోటిఫికేషనుతో 5150–5350, 5470–5875 మెగాహెర్ట్జ్, మొత్తం 605 మెగాహెర్ట్జ్, లైసెన్సు లేకుండా వాడుకోమన్నారు. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర డిష్షుతో కలిపి బయటికి 36 డీబీఎం, అంటే 4 వాట్లు పోవచ్చు. సిగ్నల్‌ను ఒకే వైపుకు కూడగట్టి 23 డీబీ పెంచే డిష్షుకు (దాన్నే 23 డీబీఐ అంటారు) రేడియో 13 డీబీఎం మీద ఉంటే సరి. కుర్రాడు డిష్షు ఎంత పెంచుతుందో రాయాల్సిన ‘యాంటెన్నా గెయిన్’ గడిలో సున్నా వేస్తాడు, డ్రైవరు నమ్మి 27 వదులుతుంది. 27కు 23 కలిపితే 50 డీబీఎం. వంద వాట్లు! పైగా ఆ జోరులో యాంప్లిఫయరు సిగ్నల్‌ను వంకర చేసి స్పీడు తగ్గిస్తుంది. కిలోమీటరు దూరంలో గాలిలో పోయేది 108 డీబీ. చట్టప్రకారం 36 పెట్టినా, అవతలి డిష్షు తన 23 కలుపుకుని మైనస్ 49 డీబీఎం అందుకుంటుంది. పూర్తి స్పీడుకు మైనస్ 65 చాలు.

సరే, బొలీవియాను నవ్వి వదిలేయొచ్చు. రాడారు వినిపిస్తే చానెల్ వదిలి తప్పుకునే ఏర్పాటును, అంటే డీఎఫ్ఎస్‌ను, పీకేసేవాడిని వదలకూడదు. రాడార్లు తిరిగే చానెల్లోకి వెళ్లే ముందు డబ్బా కనీసం 60 సెకన్లు మౌనంగా వినాలి, రాడారు తగిలితే 10 సెకన్లలో ఖాళీ చేయాలి, 30 నిమిషాలు మళ్లీ తొంగిచూడకూడదు. దాన్ని “లింకు ఊరికే కట్టవుతోంది” అని ఆపేస్తున్నారు. పక్కనే శ్రీహరికోట ఉందిరా నాయనా! అక్కడి తుపాను రాడారు ఎస్ బ్యాండులో, అంటే మీ డిష్షుకు దూరంగా వేరే ఫ్రీక్వెన్సీలో ఉంది కాబట్టి మీ చేతికి అందలేదు. రాకెట్ల వెంట చూపు తిప్పే రాడార్లలో సీ బ్యాండువి ఉన్నాయి, అంటే మీ డిష్షు అరిచే చోటే. ఎగిరే రాకెట్టుకు అడ్డంగా రొయ్యల కెమెరానా? సిగ్గుండాలి. ల్యాబు పరీక్షకు ఇండియా పెట్టి, అమ్మకానికి అన్ని దేశాల జాబితా తెరిచి పెట్టే తయారీదారుకు అంతకంటే ఎక్కువ ఉండాలి. ఇలాంటి గడి వదిలేసినందుకే 2016లో అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రౌటర్ల కంపెనీ టీపీ-లింక్‌తో 2 లక్షల డాలర్లు కట్టించింది.

ఇంతకీ కెమెరా బొమ్మ ఆగిపోయేది ఎందుకు? కిలోమీటరు లింకుకు నడిమధ్య, రెండు డిష్షుల మధ్య గీత చుట్టూ 3.6 మీటర్ల మేర తరంగం పరుచుకుంటుంది. అందులో కనీసం 2.2 మీటర్లు ఖాళీ ఉండాలి. గుంట నీళ్ల మీద పడి వెనక్కి తేలిన తరంగం అసలుదాన్ని చంపితే, ఒక డిష్షును అడుగో రెండడుగులో పైకో కిందికో జరపాలి. గట్టు మీద తాటిమట్టలు అడ్డం ఉంటే కొట్టించాలి. మట్టలు కొట్టే కూలీ దండగన్న ఆసామి, దేశం మార్చడానికి మాత్రం అక్కడికక్కడే తలూపాడు.